కళ్ళంలో వేసిన ఓడ

ఓడ పోయిందని తెలిసినప్పుడు నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "అమ్మయ్య".

ఆ మాట మా అత్తగారు విన్నారు. కబురు తెచ్చి వాకిట్లో నిలబడ్డ ఓడ కాపలాదారూ విన్నాడు. మనుషులెవరికీ ఏమీ కాలేదు కనక అలా అన్నాననుకున్నారు ఇద్దరూ.

"నిజమేనండి అమ్మగారూ, పానాలు దక్కినయ్యి, అదే పదివేలు. నేను టీ తాగుదామని గట్టెక్కబట్టి సరిపోయింది. లేపోతే ఓడతో పాటు నేనూ సంద్రంలో ఉందునండి" అన్నాడు కాపలాదారు, తడి తువ్వాలు పిండుకుంటూ.

నేను తల ఊపి లోపలికి వెళ్ళాను. దేవుడి దగ్గర దీపం కొండెక్కబోతుంటే వత్తి ఎగదోసి, రెండు చేతులూ జోడించాను. ఆ పూట నేను పెట్టిన దణ్ణం మనుషులు బతికి బయటపడ్డందుకు కాదు. ఓడ పోయినందుకు.

ఇది ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మేముండేది నరసాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే వైపు. మావారు చాలా ఏళ్ళు సరుకు ఓడల మీద ఉద్యోగం చేశారు. ఏడాదిలో పది నెలలు నీళ్ళ మీద, రెండు నెలలు ఇంట్లో. ఆ రెండు నెలలూ కూడా అర్ధరాత్రి లేచి గాలి ఎటు వీస్తోందో చూసి వచ్చి పడుకునేవారు. తొంభైల మధ్యలో ఉద్యోగం మానేసి శాశ్వతంగా ఇంటికొచ్చేశారు. ఇక ఈయన నావారని నేను సంబరపడుతుండగానే ఏటి ఒడ్డున బడి పెట్టారు. ఓడ నడపడం నేర్పే బడి.

మా చుట్టుపక్కల బెస్తవారి పిల్లలకు నడక రాకముందే ఈత వస్తుంది. చేపల పడవ ఎలాంటి గాలిలోనైనా నడుపుతారు. కానీ చేతిలో సర్టిఫికెట్ లేకపోతే వాళ్ళని ఏ ఓడా ఎక్కించుకోదు. కాకినాడలో ఓడ నడిపేవాళ్ళకు సరంగు పరీక్ష ఉంటుంది. అది నెగ్గితే రేవుల్లో, సరుకు ఓడల్లో నెలజీతం ఉద్యోగం. ఆ పరీక్షకు తయారుచెయ్యడమే మావారి బడి పని. ఊరి పెద్దలు తలా కొంచెం వేసుకుని, ఒకప్పుడు ధాన్యమూ పెంకులూ మోసిన పాత కొయ్య ఓడ ఒకటి కొనిచ్చారు. రెండు తెరచాపలు, నల్లగా తారు పూసిన ఒళ్ళు. పిల్లలు దాన్ని "ముసలమ్మ" అనేవారు.

ఒక వేసవిలో ఆ ముసలమ్మ మీదే మావారు కళ్ళు తిరిగి పడిపోయారు. పిల్లలు నులకమంచం మీద వేసుకుని మోసుకొచ్చారు. భీమవరం డాక్టరుగారు చూసి, బీపీ బాగా ఎక్కువగా ఉంది, ఇకమీదట ఓడ ఎక్కడాలు దిగడాలు కట్టిపెట్టమని చెప్పారు. ఈయన "అలాగేనండి" అని డాక్టరుగారికి నమస్కారం పెట్టి, మందులు కొనుక్కుని, మరుసటి సోమవారం మళ్ళీ ఓడెక్కారు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. పెనుగొండలో మా నాన్నగారికి కిరాణా కొట్టు ఉండేది. పొద్దున బేరం తక్కువగా ఉండే వేళ గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని పొట్లాల కాగితాల మీద నాకు అక్షరాలు దిద్దించారు. లెక్కలూ ఆయన దగ్గరే. మిగతాదంతా మా అమ్మ దగ్గర. దీపం పెట్టాక ఆ రోజు మనకు దొరికిన మంచి ఏమిటో అమ్మవారికి చెప్పి దణ్ణం పెట్టమనేది. అరటిచెట్టు గెల వేసిందనో, జ్వరం తగ్గిందనో, ఏదో ఒకటి. ఏమీ తోచకపోతే "ఇవాళ అన్నం మాడలేదు తల్లీ" అని చెప్పేదాన్ని. అలా అడిగే అలవాటుకన్నా ముందు దణ్ణం పెట్టే అలవాటే వచ్చింది నాకు. పెద్దయ్యాక కూడా దేవుణ్ణి ఇది కావాలని గట్టిగా అడిగింది తక్కువ.

ఆయన కళ్ళు తిరిగి పడ్డ నెలలో మాత్రం పుట్టింటికి వెళ్ళి అమ్మవారి ముందు నిలబడి అడిగాను.

"ఆయన మళ్ళీ ఓడెక్కకుండా చూడు తల్లీ. ఎలా చూస్తావో నీ ఇష్టం. నాలుగు కాలాలు ఆయన గట్టు మీద ఉంటే కాలినడకన వచ్చి నీకు చీర పెట్టుకుంటాను."

ఎలా చూస్తావో నీ ఇష్టం. ఆ మాట అనకపోయినా మొక్కు మొక్కే అయ్యేది. ఎందుకన్నానో!

శ్రావణమాసంలో గోదావరికి వరదొచ్చింది. ఎర్రటి నీళ్ళలో పైనుంచి చెట్లకు చెట్లే కొట్టుకొచ్చాయి. తెల్లవారుతుండగా ఏదో పెద్ద మాను వచ్చి ఓడకు తగిలి తాళ్ళు తెగిపోయాయట. సముద్రం కలిసే చోట ఇసక దిబ్బ మీదికెక్కి, అక్కడ అలలకు రెండు ముక్కలైందట. మావారు చూడటానికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాళ్ళకు బురద. కడుక్కోమని చెంబుతో నీళ్ళు తెచ్చి పెడితే, చెంబు కేసి చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు పొద్దున బడి వేళకు పిల్లలందరూ మా ఇంటికే వచ్చారు. ఇక ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకి తెలియలేదు. గేటు బయట వరసగా నిలబడ్డారు. వాళ్ళ వెనకాల ఒకావిడ. ఆ పిల్లల్లో ఒకడి తల్లి. భర్త సముద్రం మీద పోయాడు. ఎండుచేపలు ఎండబెట్టి పాలకొల్లు సంతకు తీసుకెళ్ళి అమ్ముకుంటుంది. తల మీద బుట్ట దించకుండానే మాట్లాడింది.

"మేష్టారండీ, ఓడ పోయిందని బడి మూసేత్తారేంటండి?"

"ఓడ లేకుండా ఏం నేర్పమంటావమ్మా? గాలిలో నేర్పనా?" అన్నారాయన.

"ఆయ్, గాలిలోనే నేర్పండి. మావోడు మట్టుకు చేపల పడవెక్కకూడదండి. వాళ్ళయ్యని మింగింది చాలు. ఓడ పోతే మళ్ళా కొనొచ్చు, ఏడాది పోతే ఎవరు కొనిత్తారండి? పరీచ్చకి పేర్లు కూడా ఇచ్చేశారు కదా."

ఆవిడ కొడుకు ఆవిడ చీర వెనక్కి జరిగి, బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. ముందురోజు దేవుడి దగ్గర నేను పెట్టిన దణ్ణం అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మంలో నిలబడలేక లోపలికి వెళ్ళిపోయాను. మా ఇంటాయన ఇంట్లో ఉండాలని నేను మొక్కుకున్నాను. ఇలా గేటు బయట నిలబడేవాళ్ళు ఉంటారని నాకెందుకు తోచలేదు?

కాసేపటికి ఆయన వంటింట్లోకి వచ్చారు.

"నువ్వు ముగ్గు ఎంత పెద్దది వెయ్యగలవు?"

"వాకిలి ఎంతుంటే అంతండి. ఎందుకు?"

"కళ్ళం అంత వెయ్యగలవా?"

మా పెరట్లో కొబ్బరికాయలు ఎండబెట్టుకునే కళ్ళం ఉంది. పేడతో అలికి గట్టి చేసిన నేల. మావారి ఆలోచన ఏమిటంటే, ఓడ పైభాగం ఎంత పొడవో, ఎంత వెడల్పో అంత కొలతతో అక్కడ గీయాలని. తెరచాప కొయ్య ఎక్కడుందో, లంగరు ఎక్కడో, చుక్కాని ఎక్కడో, తాళ్ళు ఎక్కడ కట్టాలో, ఏ మూత తీస్తే కిందికి మెట్లున్నాయో, అన్నీ ఉన్నచోటే ఉండాలి. పిల్లలు దాని మీద నడిచి, తాళ్ళు పట్టుకుని, కేకలు వేసుకుని, నిజం ఓడ మీద చేసేదంతా చెయ్యాలి.

ఆయన తాడు పట్టుకుని కొలిచారు, నేను ముగ్గు పోశాను. కళ్ళం చాలలేదు. ఓడ వెనక భాగం కొబ్బరితోటలోకి వెళ్ళింది. చుక్కాని పట్టేవాడు రెండు కొబ్బరిచెట్ల మధ్య నిలబడాలి. అక్కడొక పాత సైకిలు చక్రాన్ని కొయ్యకు బిగించారు. తెరచాప కొయ్యలకు బదులు రెండు పోకమానులు పాతారు. ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ కలిపి తెరచాపలు కుట్టాను. లంగరు దగ్గర కొంచెం చోటు ఖాళీగా కనబడితే చెయ్యి ఊరుకోక చిన్న పద్మం వేశాను.

"ఇదేంటి?" అన్నారాయన.

"బోసిగా ఉందని వేశానండి."

"ఓడ మీద పద్మాలుండవు."

"ఉంటే ఏం పోతుందిరా?" అన్నారు అత్తగారు అరుగు మీంచి. "ఉన్న ఓడకి పద్మం లేదు, అందుకే పోయింది."

మర్నాడు పిల్లలొచ్చి కళ్ళం గట్టున నిలబడిపోయారు. ఎవరూ దిగరు.

"ఒరేయ్, ఎక్కండిరా. ఎందుకలా చూస్తారు?"

"అమ్మగారు ముగ్గేశారండి."

"అది ముగ్గు కాదురా, ఓడ. తొక్కండి!"

"ముగ్గు తొక్కకూడదండి మేష్టారూ."

"ముగ్గు కాదంటుంటే!"

"ముగ్గు కాకపోతే అంత పిండి ఎందుకు తగలేశారు?" అన్నారు అత్తగారు.

పిల్లలు పకపకా నవ్వారు. మావారికీ నవ్వొచ్చింది. ఓడ పోయిన తరువాత ఆయన నవ్వడం అదే మొదలు. చివరికి పిల్లలు దిగారు గానీ, గీతల మీద కాలు పడకుండా, ప్రతి గీత దగ్గరా మోకాలు ఎత్తి దాటుతూ నడిచారు. ఎంత అరిచినా ఆ అలవాటు పోలేదు. చివరికి ఆయనే, "పోనీలెండి, నిజం ఓడ మీద గడపలు ఎత్తుగా ఉంటాయి, పనికొస్తుంది" అని వదిలేశారు.

ఎంత జాగ్రత్తగా నడిచినా సాయంత్రానికి సగం చెరిగిపోయేది. ఆ నెలంతా వానలు కూడానూ. రోజూ పొద్దున్నే కల్లాపి చల్లి, మళ్ళీ మొదటినుంచి ఓడ గీసేదాన్ని. కొన్నాళ్ళకి తాడు కొలత అక్కర్లేకుండానే చెయ్యి వెళ్ళేది. ఓడ బతికున్నప్పుడు నేను దాని మీద కాలు పెట్టింది ఎప్పుడైనా పండక్కి పసుపు కుంకుమ పెట్టడానికే. పోయాక దాని ఒంటి మీద ప్రతి అంగుళం నాకు తెలిసింది. వంగి ముగ్గు పోస్తున్నంతసేపూ ఒకటే అనిపించేది. ఈ గీతా నేను పోగొట్టిందే, ఆ గీతా నేను పోగొట్టిందే.

ఊళ్ళో ఆడవాళ్ళు చూడటానికి వచ్చేవారు. "మీలాంటి ఇల్లాలు ఉండబట్టే మాష్టారి బడి నిలబడిందండి" అనేవారు. "ఎంత ఓపికండీ మీకు!" అనేవారు. నేను కాఫీలు ఇచ్చి పంపేదాన్ని. ఒకరోజు ఎండుచేపలావిడ కూడా వచ్చింది. మేం చేపలు ముట్టమని తెలుసు కనక సంతలో కొన్న చామదుంపలు కొంగున కట్టుకొచ్చింది. కళ్ళం గట్టున కూర్చుని, కొడుకు పోకమాను ఎక్కి దుప్పటి తెరచాప విప్పడం చూసి కళ్ళు తుడుచుకుంది.

"మీ పున్యమానండి అమ్మగారూ. మీ చేతులు చల్లగుండాలండి" అంది.

చామదుంపలు పుచ్చుకున్నాను. ఆ రోజు పులుసు పెట్టాను. అందరికీ వడ్డించి, నేను మజ్జిగతో తిని లేచాను.

ఎవరో ఒకరికి చెప్పకపోతే నా వల్ల కాదనిపించి, మధ్యాహ్నం అత్తగారు వత్తులు చేసుకుంటుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. పెనుగొండలో ఏమని మొక్కుకున్నానో, కబురొచ్చిన రోజు "అమ్మయ్య" ఎందుకన్నానో. ఆవిడ పత్తి చేతిలో పట్టుకుని నావైపు ఎగాదిగా చూశారు.

"వాడు ఓడల్లో చేరిన రోజునుంచీ నేనూ మొక్కానమ్మాయ్, ఆ ఉద్యోగం ఊడిపోవాలని. అన్నవరం మొక్కాను, అంతర్వేది మొక్కాను. ఊడిందా? ఏడాదికో ప్రమోషను ఇచ్చారు. కన్నతల్లి మాట వినని దేవుళ్ళు నిన్నగాక మొన్నొచ్చిన నీ మాట వినేశారా? అంత గొప్పదానివా నువ్వు?"

"అది కాదత్తయ్యా. పోయాక దణ్ణం పెట్టాను."

ఆవిడ మళ్ళీ వత్తి నలపడం మొదలుపెట్టారు. "సరే, మరి మొక్కు తీరుస్తావా?" అన్నారు.

అదే తెలియలేదు నాకు. అడిగింది అడిగినట్టు జరిగింది. ఆయన గట్టు మీదే ఉన్నారు. వేళకి మందులు వేసుకుంటున్నారు. నడిచి వెళ్ళి చీర పెట్టి రావాలి. కానీ వెళ్ళానంటే, తల్లీ నువ్వు చేసింది చాలా బావుందని చెప్పినట్టే. రోజూ నా వాకిట్లో దుప్పటి తెరచాపలతో కుస్తీ పడుతున్న పిల్లల్ని పెట్టుకుని ఆ మాట ఎలా చెప్పను? చెప్పకుండా ఊరుకుంటే మాట ఇచ్చి తప్పినట్టు. దీపం పెట్టినప్పుడల్లా అమ్మవారు ఎదురుచూస్తున్నట్టే ఉండేది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ లేనిది, దీపం పెట్టి ఏమీ చెప్పకుండా లేచి వచ్చేదాన్ని.

చలికాలం వచ్చాక, వరద తీసి ఏరు తేటపడ్డాక, ఊళ్ళో ఒకాయన తన పెద్ద చేపల పడవ వారానికొకసారి బడికి ఇస్తానన్నాడు. తెరచాప ఉన్న పడవ. పిల్లలు ఎగిరి గంతేశారు. మావారు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరారు. నేను గేటు దగ్గర నిలబడ్డాను, చేతిలో ఆయన బీపీ బిళ్ళ, మంచినీళ్ళ గ్లాసు. ఏమీ అనాల్సిన అవసరం లేకుండా నిలబడ్డాను. ఆయన బిళ్ళ వేసుకుని, గ్లాసు నా చేతికిచ్చి, "గట్టునుంచే చెప్తాలే" అన్నారు.

ఆ చలికాలమంతా ఆయన గట్టున నిలబడి మైకులాగా చేతులు పెట్టుకుని అరిచేవారు. పడవ మీద ముసలి బెస్త ఒకాయన పిల్లలకు తోడు. గాలి ఎదురైతే సగం మాటలు ఆయనకే తిరిగొచ్చేవి. "నేను పక్కనుంటే రెండు నిమిషాల పని" అనేవారు ఇంటికొచ్చి, గొంతుకు ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ. నేను వినీ విననట్టు ఊరుకునేదాన్ని.

వేసవి మొదట్లో పిల్లల్ని తీసుకుని కాకినాడ వెళ్ళారు. మూడోరోజు సాయంత్రం తిరిగొచ్చారు. పిల్లలు గేటు తోసుకుని వచ్చి ఒకరి మాట ఒకరు వినిపించుకోకుండా చెప్పడం మొదలుపెట్టారు.

"అమ్మగారండీ, ఓడ మీద నడుత్తుంటే పరీచ్చాయన ఆగండన్నాడండి. ఏంట్రా ఆ నడక, కొంగల్లాగా కాళ్ళెత్తి నడుత్తున్నారు, మీ ఊళ్ళో అందరూ ఇంతేనా అన్నాడండి!"

"వీడేమన్నాడో అడగండి. లంగరెక్కడుంటాదిరా అంటే, పద్మం దగ్గరండి అన్నాడు!"

"నువ్వనలేదేంటి?"

"నేను మనసులో అనుకున్నాను, పైకనలేదు."

అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. పిల్లలు నెగ్గారు. ఒక్కడు తప్ప. ఎండుచేపలావిడ కొడుకు వాళ్ళతో గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక మావారు చెప్పారు. తాళ్ళు, ముడులు, దిక్కులు, అన్నిట్లోనూ ఆ అబ్బాయే ముందున్నాడట. తెరచాప కొయ్య ఎక్కమన్నారు. సగం దాకా ఎక్కాడు. సముద్రపుగాలికి ఓడ ఊగింది. మా పోకమాను నేలలో పాతింది, అది ఊగదు. చేపల పడవ కొయ్య ఎక్కేంత ఎత్తు లేదు. కొయ్యని కావలించుకుని కళ్ళు మూసుకున్నాడట. పైకీ వెళ్ళలేదు, కిందికీ దిగలేదు. ఎవరో వెళ్ళి దింపుకొచ్చారు.

"నాదే తప్పు" అన్నారాయన. "ఎత్తు కొయ్య ఉన్న పడవ ఏదైనా అడిగి, నేను కూడా ఎక్కి, రెండుసార్లు సముద్రం మీదికి తీసుకెళ్ళి ఉంటే భయం తీరిపోయేది. గట్టున నిలబడి అరిస్తే భయం పోతుందా?"

"మీది కాదండి, నాది" అన్నాను.

అంతా చెప్పాను. ఆయన విని, పిల్లలకు చెప్పే గొంతుతో, "చూడు, పెద్ద మాను కొట్టుకొచ్చి తగిలింది. తాళ్ళు పాతవి. తెగాయి. నీ మొక్కుకీ దానికీ సంబంధం లేదు" అన్నారు.

"లేదని నాకూ తెలుసండి. పోయినందుకు సంతోషించాను. దాని సంగతి చెబుతున్నాను."

ఆయన కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎంతసేపు?"

"మర్నాడు ఆ పిల్లలు గేటు దగ్గరకొచ్చి నిలబడేదాకా."

ఆయన కోప్పడితే బావుండుననిపించింది. లేచి పెరట్లోకి వెళ్ళి, చెరిగిపోయిన ఓడ మీద కాసేపు అటూ ఇటూ తిరిగి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చారు. "మొక్కు తీర్చుకునిరా. మాటిచ్చి ఎన్నాళ్ళుంటావు?" అని మాత్రం అన్నారు. అన్నం తింటూ మళ్ళీ, "వచ్చే ఏడాది వాణ్ణి నేనే తీసుకెళ్తాను, ఓడ మీదికి" అన్నారు. నన్ను అడగలేదు, చెప్పారు.

పెనుగొండ నడిచి వెళ్తున్నానని ఎలా తెలిసిందో, బయల్దేరే రోజు తెల్లవారకముందే ఎండుచేపలావిడ గేటు దగ్గరుంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని.

"నేనూ వత్తానండి. మావోడి కోసం అమ్మోరికి చెప్పుకోవాలి" అంది.

వద్దనలేకపోయాను. ఇద్దరం కాలవగట్టు పట్టుకుని నడిచాం. చీర సంచి తనే పట్టుకుంది, ఇవ్వమన్నా ఇవ్వలేదు. పాలకొల్లు దాటేదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. కొడుకు రెండ్రోజులు అన్నం తినలేదనీ, తరువాత మేనమామతో చేపలవేటకు పడవెక్కి వెళ్ళాడనీ, ఏ వేటకు పోకూడదని ఇన్నాళ్ళు ఆపిందో ఆ వేటకే పోయాడనీ చెప్పింది. "ఏం చేత్తాం అమ్మగారూ, కడుపుకు తినాలి కదండీ. మీరూ మేష్టారూ చేసింది మాత్రం మేం మర్చిపోమండి."

ఆ మాటతో ఇక నడవలేకపోయాను. కాలవ నీళ్ళు ఆపే లాకుల దగ్గర గట్టు మీద కూర్చున్నాను. ఆవిడ కంగారుపడి నీళ్ళ సీసా మూత తీసింది.

"నేనెందుకు నడుస్తున్నానో నీకు తెలియాలి" అన్నాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అత్తగారికి చెప్పినప్పుడు, ఆయనకు చెప్పినప్పుడు వాడుకున్న మెత్తని మాటలేవీ ఆ గట్టు మీద దొరకలేదు.

ఆవిడ విన్నంతసేపూ కాలవకేసి చూసింది. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా లాకుల మీదికి వెళ్తోంది. చేతిలో ఉన్న చీర సంచి తీసి మా ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోయినా అడ్డం పడేదాన్ని కాదు.

"మా ఆయన పోయిన ఏడాది నేనూ మొక్కానండి" అంది చివరికి. "ఆయన పడవెక్కిన కాడ్నుంచీ రోజూ మొక్కాను, తిరిగొచ్చేలా చెయ్యి తల్లీ అని. నా మాట ఆలకించలేదు. మీ మాట ఇట్టే ఆలకించింది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"లెగండి. మాటన్నాక తీర్చెయ్యండి, అమ్మోరిని నిలబెట్టకూడదు." సంచి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "కానీండి, ఈసారి మావోడి గురించి మీరు అడగండి. నేనడగను. మీరడిగితేనే జరిగేలాగుంది."

అది ఎత్తిపొడుపో, నమ్మకమో నాకు తెలియలేదు. ఆవిడ నాకన్నా నాలుగడుగులు ముందు నడిచింది. మార్టేరు దాటినా, పెనుగొండ గోపురం కనబడినా వెనక్కి తిరిగి మాట్లాడలేదు. అలాగని నన్ను వదిలి పోనూ లేదు. నేను ఆగినచోట ఆగింది.

గుళ్ళో చీర పళ్ళెంలో పెట్టి పూజారిగారికి అందించాను. అమ్మవారి ముందు నిలబడితే నా చుట్టూ అందరి పెదవులూ కదులుతున్నాయి. ఓడ సంగతి ఎత్తలేదు. ఎత్తి దణ్ణం పెట్టలేను, ఎత్తి క్షమించమనీ అనలేను. ఆ అబ్బాయి గురించి అడగాలి. వాడు ఓడెక్కాలి, గాలిలో ఊగే కొయ్య మీద కళ్ళు తెరవాలి. అది జరగాలంటే పక్కన మావారుండాలి. ఆయన గట్టు దిగాలి, నీళ్ళ మీదికి వెళ్ళాలి. పిల్లవాడిని ఓడెక్కించి ఆయన్ని మాత్రం గట్టున ఉంచమని అడగడానికి నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. పక్కన ఆవిడ చేతులు జోడించి, కళ్ళు మూసుకోకుండా, నా పెదవులకేసే చూస్తోంది.

ఇద్దరినీ ఓడెక్కించమని అడిగాను. ఈసారి ఎలా చేస్తావో నీ ఇష్టమని అనలేదు. క్షేమంగా ఎక్కించి, క్షేమంగా దింపమన్నాను. మొక్కు ఏమీ మొక్కలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంటే ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది.

"అడిగారా?"

"అడిగాను."

"మావోడి పేరు చెప్పే అడిగారా? ఊరికే పిల్లలు అంటే అమ్మోరికి ఏం తెలుత్తాదండి?"

"పేరు చెప్పే అడిగాను."

"మేష్టారి సంగతో?"

"అదీ అడిగాను. ఆయన్నీ ఎక్కించమని."

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరువాత ఒళ్ళో ఉన్న ప్రసాదం కొబ్బరిచిప్ప మెట్టుకేసి కొట్టి, పెద్ద ముక్క తను ఉంచుకుని, చిన్నది నాకిచ్చింది.